మొదటి కొలత లాభం

“తాతా, ఇశాపట్నంలో నిన్ను స్నూకరు హాల్లోంచి బయటికి పంపించేసారట కదా, అమ్మమ్మ చెప్పింది. అదేంటో చెప్పు, ఫోన్లో రికార్డు చేస్తాను.”

మీ అమ్మమ్మకి అదొక్కటే గేపకం. ఇన్నేళ్ళు కాపరం సేసింది, నాను సేసిన మంచి పని ఒక్కటి సెప్పదు గాని ఇది మాత్రం ఊరంతా సెప్పీసింది. సరే, సెప్తాను. ఆ ఫోను టికే, కొంచెం, దగ్గరగా ఎట్టు. ఇనబడతందా?

ముందు ఒకటి ఒప్పీసుకుంటానమ్మా. నాను జన్మలో ఆ ఆట కర్ర ముట్టుకోలేదు. బల్లని కూడా ముట్టుకోలేదు. కానీ ఆ ఆట ఆడీవోళ్ళు లోకంలో ఎందరున్నారో అందరికీ సలహాలు సెప్పేను, ఇదిగో ఈ మంచం మీంచే.

ఎలగ మొదలయ్యిందంటే, నా మోకాలి ఆపరేసనప్పుడు. నువ్వప్పుడు ఎనిమిదో తరగతి... కాదు కాదు, తొమ్మిదే, మీ సిన్నమావయ్య పెళ్ళయిన ఏడు. ఈ ఒడియా ఊళ్ళో, మన హల్దియాపదర్ ఇంట్లో నన్ను మంచం మీద పడీసి టీవీ ఎట్టీసి ఎల్లిపోనారు. రిమోటు మీద మీ అమ్మమ్మ మజ్జిగ ఒలకబోసింది. ఇంక ఛానలు మారదు. సూస్తే ఏటి, పచ్చ గుడ్డ పరిసిన బల్ల, దాని సుట్టూ ఇద్దరు మొగోళ్ళు, పెళ్ళి బేండోళ్ళలాగ నల్ల కోట్లేసుకుని తిరగతన్నారు. మాటా లేదు, పలుకూ లేదు. నాలుగు రోజులు తిట్టుకుంటానే సూసేను. అయిదో రోజుకి మీ మావయ్య కొత్త రిమోటు తెచ్చేడు. నాను ఛానలు మార్చనివ్వలేదు.

ఆటేటంటే, ఎర్ర బంతి ఒకటి గోతిలో ఎయ్యాల, దానికొక పాయింటు. తరవాత రంగు బంతి ఎయ్యాల, నల్లదానికి ఏడు. మళ్ళీ ఎరుపు. అంతే, పెద్ద ఇద్దె కాదు. అంటే, సూడ్డానికి మాత్రం.

అందులో ఇంగ్లండోడు ఒక ముసిలోడున్నాడు. ముసిలోడంటే నాకన్నా ముప్పై ఏళ్ళు సిన్నోడే, ఆ ఆటకి ముసిలోడు. బట్టతల, ఎడంసేతి వాటం. కొట్టే ముందర బుర్ర గోక్కుంటాడు, అచ్చం చికిటిలో మా పెద్దక్క మొగుడిలాగ. అందుకని నాను ఆడికి బావ అని పేరెట్టేను. బావ గెలిస్తే ఇంట్లో సేమ్యా పాయసం. ఓడిపోతే ఆ పూట నాకు అన్నం సయించదు. ఒకపాలి మీ మావయ్య కొట్టు నుంచి ఫోను సేసి, “నాన్నా, పాత బియ్యం ఎంతకిమ్మంటావు?” అంటే, “బావ నలుపు తప్పీసేడ్రా” అన్నాను. ఆడు పాపం నిజం బావే అనుకుని, చికిటి ఫోను సేసి పెద్దక్కనడిగేడు, మావయ్యకేటైందని.

ఇప్పుడు నీకు కొలత సంగతి సెప్పాల, లేపోతే తక్కింది తెల్దు. ఇప్పుడంటే కాటాలొచ్చీసేయి గాని, నా సిన్నతనంలో మన బియ్యం కొట్లో అంతా మాణతోనే కొలిసీవోలం. ఇత్తడి మాణ, ఇంతుండీది. మొదటి మాణ పోసినప్పుడు ‘ఒకటి’ అనకూడదు. ‘లాభం’ అనాల. అదీ గట్టిగా, పాట లాగ, మూడు మాట్లు. లచ్చిందేవికి ఇనబడాల గదా. తరవాత రెండు, మూడు, మామూలే. నాను తొలి రోజు కొలతకి కూసుని ‘ఒకటి’ అన్నానని మా నాన్నగారు నెత్తి మీద మొట్టికాయేసేరు. అప్పణ్ణించి ఇంక ఒకటి అన్న మాట నా నోట్లోంచి రాలేదు. మెట్లెక్కినా లాభం, రెండు, మూడు. మీ అమ్మమ్మ ఇడ్లీలెన్నెయ్యమంటావంటే, ‘లాభం సాలు’ అనీసినోణ్ణి.

టీవీ ముందర కూడా అంతే. బావ మొదటి ఎరుపు ఏసేడంటే, లాభం లాభం లాభం. ఇల్లంతా ఇనబడీది. పక్కింటి ఒడియా మాస్టారు కూడా అలవాటైపోయి, గోడవతల నుంచి “లాభ హెలా కి, ఆజ్ఞా?” అని అడిగీవోడు, లాభం వచ్చిందా అని.

అలగుండగా ఇశాపట్నంలో పెద్దోళ్ళ మ్యాచిలన్నారు, అసలు ప్రొఫెషనలోళ్ళే ఒస్తారట, బావ కూడానట. నాకు రెండు రోజులు నిద్దర్లేదు. అప్పటికే బావ ఆట తగ్గిపోతంది, నాకా మోకాళ్ళు. ఆణ్ణి ఒకపాలి కళ్ళారా సూసీస్తే సాలనుకున్నాను. మీ అమ్మమ్మ పులిహోర కట్టింది. తెల్లారి రైలెక్కేం. మా రోజుల్లో ఇశాపట్నం టికెట్టు పదో పన్నెండో రూపాయలు, కిటికీ కాడ కూసుంటే సముద్రపు గాలి ఉత్తినే. సర్లే, అదిప్పుడెందుకు.

హాలు సల్లగా, గుడిలో కన్నా నిశ్శబ్దం. మేం రెండో వరసలో కూసున్నాం. బావ ఒచ్చేడు. టీవీలో కన్నా పొట్టోడు. నాకు కళ్ళంట నీళ్ళొచ్చేసేయి, మీ అమ్మమ్మ సూసి నవ్వింది. ఆట సమానంగా నడిసింది, ఇంక ఆఖరి ఫ్రేము, అంటే ఆఖరి ఆట. అది ఎవడు గెలిస్తే ఆడిదే మ్యాచి. సానాసేపు ఇద్దరూ ఒకడికొకడు సందివ్వలేదు. అప్పుడు బావ దూరం నుంచి ఎరుపొకటి కొట్టేడమ్మా, ఇక్కణ్ణించి మన గుమ్మం అంత దూరం, గోతిలోకి ఎలిపోనాది. జనం సప్పట్లు కొట్టి ఊరుకున్నారు. బావ వంగేడు, నల్లదానికి గురెట్టేడు, కర్ర ఎనక్కి లాగేడు.

నాను లేసి నిలబడ్డాను. “లాభం, లాభం, లాభం.”

నలబై ఏళ్ళు బజార్లో పెరిగిన గొంతు. ఆ నిశ్శబ్దంలో ఎలగుంటాదో నువ్వే అనుకో. బావ సెయ్యి కదిలీసింది. నలుపు గోతి అంచు తగిలి బయటికొచ్చీసింది. అవతలోడు లేసి, మళ్ళీ కూసోకుండా బల్లంతా ఊడ్సీసేడు. ఆ ఫ్రేములో బావకి మిగిలింది ఆ ఒక్క పాయింటే. నాను అరిసిన లాభమే.

నాను మాత్రం అది సూళ్ళేదు. మెళ్ళో కార్డేసుకున్న పిల్లొకత్తి అప్పుడే ఒచ్చి మమ్మల్ని బయటికి నడిపించీసింది. శ్రీకాకుళం పిల్ల, మంచిదే. వరండాలో బెంచీ మీద కూసోబెట్టింది. మ్యాచి పోనాదని ఆ పిల్లే ఒచ్చి సెప్పింది. ఇన్నేళ్ళు ఆడు గెలవాలని దణ్ణాలెట్టి, రైలెక్కి మరీ ఎల్లి ఓడించీసొచ్చేను. మీ అమ్మమ్మ పులిహోర ఇప్పి, “తిను, పాయసం ఎలాగూ లేదు” అంది.

అప్పుడు బావ బయటికొచ్చేడు. కారు కోసం. నాను లేసి సేతులు జోడించేను, ఇంగ్లీసు రాదు, ‘సారీ’ ఒక్కటే వచ్చు, అదే నాలుగు మాట్లన్నాను. ఆడు ఆ పిల్లనేటో అడిగేడు. “మీరు అరిసిన మాటకి అర్థమేటంటున్నారు తాతా” అంది. కొలత సంగతంతా సెప్పేను. ఆ పిల్ల ఇంగ్లీసులో సెప్పింది. ఆడు ఇని, నవ్వి, బుర్ర గోక్కుని ఏదో అన్నాడు. ఏటన్నాడంటే, “మీ వల్ల కాదు. నా కన్ను ఇదివరకటిలాగ లేదు, ఆ బంతి ఎలాగూ తప్పీసీవోణ్ణి” అన్నాడట. నా సెయ్యి పట్టుకుని ఊపేడు.

తిరుగు రైల్లో మీ అమ్మమ్మ, “మర్యాదకన్నాడు” అంది. సోంపేట దాటేక మళ్ళీ అంది. నాకూ అలగే అనిపిస్తాది. నాకు ధైర్యం సాలక ఆడన్నది నిజమేననుకుంటాను గాని, అలగే అనిపిస్తాది.

అప్పణ్ణించి టీవీ ముందర ఈ తువ్వాలు నోట్లో కుక్కుకుని కూసుంటాను. మొదటి ఎరుపు పడితే గుటకేసీసి, రెండు నుంచి మొదలెడతాను. ఇన్నేళ్ళలో ఎన్ని లాభాలు మింగీసేనో నాకే తెల్దు. రేపు మద్దేన్నం ఆడి మ్యాచి. ఓడిపోతే ఇంక ప్రొఫెషనలోళ్ళలో ఆడికి సోటు లేదట. నాను కిక్కురుమనను, సూడు.

ఎల్లుండి నువ్వు ఉద్యోగంలో సేరతన్నావు గదమ్మా, అదే గదా నీ మొదటి కొలత. ఆ ఫోను కిందెట్టీసి ఇలగ రా. ఆడి కోసం మింగినియ్యన్నీ నీకే. పక్కింటి మాస్టారికి ఇనబడితే ఇనబడనీ.

లాభం, లాభం, లాభం.