ఎదురింటి తలుపు

అమెరికాలోని క్లీవ్‌లాండ్ నగర శివార్లలో ఒక పొద్దుట భర్త వంటింటి కిటికీలోంచి ఎదురింటినే చూస్తున్నాడు. భార్య కాఫీ కప్పు పట్టుకుని లేస్తోంది, కూర్చుంటోంది.

"ఎవరో నల్లవాడు తాళంతో కుస్తీ పడుతున్నాడని పోలీసులకు ఫోన్ చేశాను. అంతేగా," అందామె.

"ఆ ఇల్లు ఆ టాలివర్‌దే. నిన్ననే దిగాడు."

"నాకేం తెలుసు? బేడీలు వేసింది వాళ్లు, నేను కాదు. ఆ పోలీసులు ఎప్పుడూ అంతే."

"అంతేనని తెలిసే పిలిచావు. తెల్లవాడైతే తాళం పట్టట్లేదా అని నువ్వే వెళ్లి అడిగేదానివి."

ఆమె కప్పు సింకులో పెట్టింది.

"అతని కూతురు చూస్తుండగా టాలివర్‌ని గడ్డిలో బోర్లా పడుకోబెట్టారు. వెళ్లి క్షమించమని అడుగు."

"ఇందాక చెత్తడబ్బా దగ్గర నీతో ఏదో అన్నాడుగా?"

"ఫోన్ చేసిందెవరో తెలుసా అన్నాడు."

"నువ్వేం చెప్పావు?"

అతను కిటికీ తెర సర్దాడు. సర్దినదాన్నే మళ్లీ సర్దాడు.

"తెలీదన్నాను."

"మరి నన్నొక్కదాన్నే పంపుతావేం?"

అతను చెప్పులు వేసుకున్నాడు.

"పద. ముందు నేను చెప్తాను."

ఇద్దరూ రోడ్డు దాటి బెల్లు కొట్టారు. లోపల్నుంచి ఆడపిల్ల గొంతు వినిపించింది.

"నాన్నా, తలుపు తీయొద్దు."