వాగవతలి కేక

సంఘం పెద్దగా ఎత్తుపీట మీద కూర్చుని, నన్ను పొగడడం ముగించీ ముగించకముందే బీరు గిన్నె అందుకున్న హల్వార్ గారికీ, ఆయన పక్కనున్న పాదిరి ఎయిలివ్ గారికీ, బల్లల చుట్టూ ఇరుక్కుని కూర్చున్న పెద్దలకూ, అక్కచెల్లెళ్లకూ, చోటు చాలక గుమ్మంలోనే నిలబడి మంచు దులుపుకుంటున్నవాళ్లకూ ఈ రన్నవేగ్ దండాలు.

నా చేతిలో దేవుడి దీవెన ఉందని హల్వార్ గారు సెలవిచ్చారు. ఆ మాట రెండో గిన్నె ఖాళీ అయ్యాక అన్నారు కాబట్టి నేను దాన్ని సగానికే తీసుకుంటున్నాను. (నవ్వులు) ఈ సంఘం విందుకు నేను కాచిన మొదటి బీరు సంగతి మీలో వయసైనవాళ్లకు గుర్తుండే ఉంటుంది. అప్పటి పాదిరిగారు ఒక గుక్క తాగి, గిన్నెలోకి తొంగి చూసి, ఇది జ్ఞానస్నానానికి పెట్టిన నీళ్లు కాదు కదా అని ఎంతో మర్యాదగా అడిగారు. ఆ రోజు ఇక్కడ పాట లేదు, తగువు లేదు, అందరూ తిన్నగా నడుచుకుంటూ ఇళ్లకు పోయారు. మా ఇంటి పరువు అలా ఎప్పుడూ పోలేదని మా మామగారు కన్నుమూసేదాకా అంటూనే ఉన్నారు.

లోపమంతా నా గొంతులో ఉంది. బార్లీని బాగానే మొలకెత్తించాను, జునిపెర్ పొద కొమ్మలు వేసి నీళ్లు బాగానే మరిగించాను. కానీ బీరును పులియబెట్టే ఈస్టు అంటుకుని ఎండిన, నా చేతిలోని ఈ కొయ్య కడియాన్ని తొట్టిలో వేసేటప్పుడు లోయంతా దద్దరిల్లేలా అరవాలి కదా, అరవకపోతే కంటికి కనబడనివాళ్లు వచ్చి బీరులోని బలమంతా పీల్చేసి పోతారు కదా. నేను అరిస్తే తొట్టి పక్కన పడుకున్న కుక్క కూడా కన్ను తెరవలేదు. అందుకని రెండో ఏటి నుంచి నా మొగుడు తోర్‌గిల్స్ అరిచేవాడు, నేను కడియం వేసేదాన్ని. పేరు మాత్రం నాకొచ్చింది.

ఆ రోజుల్లోనే ఒక విందులో, వాగవతల మా పొరుగింటి గీరిడ్, అదుగో, తలుపు దగ్గర మొహం అటు తిప్పుకుని కూర్చుంది, నా బీరు చప్పరించి, దీన్ని ఎలుక కాచిందా అంది. నేను ఊరుకుంటే పోయేది. కానీ నా నోరు అరవడానికి తప్ప మిగతా అన్నిటికీ బ్రహ్మాండంగా పనికొస్తుంది. నీ గొంతు విని మా ఎద్దు తాడు తెంపుకుని మీ దొడ్డికొచ్చింది, పెళ్లికి ఒప్పుకో అన్నాను. (నవ్వులు) మీరు అప్పుడూ ఇలాగే నవ్వారు. గీరిడ్ నవ్వలేదు. ఆనాటి నుంచి మా మధ్య మాటల్లేవు. చర్చిలో ఆమె ముందు నిలబడితే నేను స్తంభం చాటుకు పోయేదాన్ని.

తర్వాత తోర్‌గిల్స్ పోయాడు. సరిగ్గా చలికాలం విందుకు బీరు కాయాల్సిన రోజులు. ఇది నవ్వుకునే సంగతి కాదు, అయినా చెప్పి తీరాలి. కడియం పట్టుకుని తొట్టి ముందు నిలబడ్డాను, నోరు తెరిచాను, ఏడుపు వచ్చింది గానీ కేక రాలేదు. అప్పుడు వాగవతల నుంచి వచ్చింది ఒక కేక. మా కుక్క ఎక్కడ దూరిందో సాయంత్రం దాకా దొరకలేదు. నేను కడియం తొట్టిలో వేశాను. ఆ ఏటి బీరు తాగి హల్వార్ గారు తన బూట్లనుకుని పాదిరిగారివి వేసుకుపోయారు. (నవ్వులు)

ఆ తర్వాత ఏ ఏడూ తప్పలేదు. మా పొయ్యి పొగ చూసి గీరిడ్ అంచనా వేసుకునేదో ఏమో, నేను కడియం పైకెత్తి నా వంతు కీచుమనేసరికి అవతలి నుంచి అసలు కేక వచ్చేది. ఆమె వాగు దాటి పలకరించలేదు. నేనూ వెళ్లి ఒక మంచిమాట చెప్పలేదు. మీరందరూ వింటూనే ఉన్నారు, ఆ కేక వినబడని ఇల్లు ఈ లోయలో ఎక్కడుంది? అయినా ఏటా ఇక్కడ చేరి నా చేతి దీవెనను మెచ్చుకుంటూ వచ్చారు, నేను వినయంగా తల వంచుకుంటూ వచ్చాను. నిజానికి నాకు బాగా వచ్చిన పని అదొక్కటే.

ఇక ఇప్పుడు మీ గిన్నెల్లో ఉన్న ఈ బీరు. ఎప్పటిలాగే కడియం ఎత్తి కీచుమన్నాను. అవతల చప్పుడు లేదు. మళ్లీ కీచుమన్నాను. తొట్టిలో వేడి తగ్గిపోతోంది, ఇంకాస్త చల్లబడితే ఈస్టు లేవదు, నాకు తెలుసు. కానీ నా బుర్రలో బీరు ధ్యాసే లేదు. మంచు మీద జారిపడిందేమో, ఒంటరి మనిషి, లేవదీసేవాళ్లు కూడా లేరు అనుకున్నాను. అప్పుడు అరిచాను. గీరిడ్ అని అరిచాను. అంత గొంతు నాలో ఉందని నాకే తెలియదు. కుక్క పారిపోయింది, కొట్టం కప్పు మీది మంచు జారి కింద పడింది. అప్పుడామె గొంతుకు ఉన్ని గుడ్డ చుట్టుకుని వాకిట్లోకి వచ్చి, గరిటె పెట్టి మూకుడును దబదబా బాదింది. జలుబు చేసి గొంతు పోయిందని తర్వాత పాదిరిగారు చెప్పారు. కడియం తొట్టిలో వేసి, ఆ అంచు పట్టుకుని ఏడ్చాను. ఇవాళ బీరు కాస్త ఉప్పగా తగిలితే మన్నించండి. (నవ్వులు)

నా చేతులు ఇక బకెట్లు మోయలేవు. ఈ కడియం ఎవరికిస్తే సంఘం బీరు కాచే పని వాళ్లది. మా కోడలికి ఇస్తాననుకున్నారంతా, పాపం, పిల్ల భయంతో పొద్దుటి నుంచి రొట్టె ముట్టలేదు. నువ్వు తినమ్మా. దీన్ని ఇక్కడ బల్ల మీద పెడుతున్నాను. గీరిడ్, ఇది నీది. నాకు దక్కిన పొగడ్తలో పెద్ద వాటా కూడా నీదే. ఎద్దు మాట అని ఉండకూడదు, ఇన్నాళ్లూ బాధపడుతూనే ఉన్నాను. నువ్వు తీసుకోనంటే నేను తప్పు పట్టను. కానీ తీసుకోవాలని ఉంది.

(గీరిడ్ లేచి, బల్లల మధ్య నుంచి నెమ్మదిగా వచ్చి, కడియం అందుకుని వాసన చూసింది.)

"సరిగ్గా ఆరలేదే ఇది," అంది బొంగురు గొంతుతో. "తీసుకుంటాలే. కానీ నా గొంతు ఇక తిరిగొచ్చేలా లేదు. వచ్చే ఏడు అరుపు నీది. వాగు దాటి మా తొట్టి దగ్గరికే వచ్చి అరవాలి."

విన్నారుగా. పని దిగిపోయానని కుదురుగా ఊపిరి తీసుకోకముందే మళ్లీ పనిలో పెట్టింది. ఇన్నేళ్లు నా బీరు తాగినందుకు, మొదటి ఏటిది కూడా పారబోయకుండా తాగినందుకు మీ అందరికీ నా కృతజ్ఞతలు. ఆ తలుపు దగ్గర బల్ల మీద ఉన్నవాళ్లు కాస్త జరగండి, నేను గీరిడ్ పక్కన కూర్చోవాలి. సెలవు.