బండను లేపిన గాలి

సుడిగాలి కొట్టిన మరుసటి ఉదయం, వేముల దగ్గర ఒక అరటితోట. రైతు ఆదినారాయణ, గాలి బలం తేల్చడానికి వాతావరణ ఆఫీసు నుంచి వచ్చిన తహసీన్, గట్టు మీద కూలబడిన ఆదినారాయణ తల్లి తిరుపాలమ్మ. ఆమె చిన్నకొడుకు సుధీర్ శవం ఇంకా ఆసుపత్రిలోనే ఉంది.

"అయిదు అని రాసుకోండి మేడం. అంతకు పైన ఉంటే అదే రాసుకోండి."

"పైన లేదన్నా. సున్నా నుంచి అయిదు దాకానే."

"అయితే అయిదు. కండ్లారా చూసినోన్ని చెప్తాండా. మేకను ఎత్తకపోయి కరెంటు తీగల మీద ఏసింది. కడుపు చీలి పేగులు యాలాడతాండె. అది గాలి కాదు మేడం, గొడ్డలి."

"నీ మాట కాదనలేదన్నా. కానీ వచ్చేటప్పుడు దాన్ని కొలిచినోళ్లు ఎవరూ లేరు. పోయినాక ఏం విరిచిందో చూసి, అంత విరవాలంటే ఎంత గాలి కావాలో లెక్కేస్తాం. రెమ్మలు విరిగితే సున్నా. రేకులు లేస్తే ఒకటి. ఇంటి కప్పే ఎగిరిపోతే రెండు. గోడలు కూలితే మూడు. గట్టి ఇల్లు నేలమట్టమైతే నాలుగు. పునాది కాడికి తుడిచిపెట్టుకపోతే అయిదు."

"ఆ పక్క చూసినారు కదా? అరటంతా మెలిపెట్టి పారేసింది."

"చూసినా. అల్లాబక్ష్ ఇంటి కప్పు పోయింది, స్తంభాలు వంగినాయి. ఆడ రెండు. మొత్తం మీద ఈ గాలికి రెండు అనే రాస్తా."

"మా తమ్మున్ని సంపిన గాలికి రెండేనా?"

"మీ తమ్ముడు యాడ పడినాడు?"

"ఈడనే. మోటారు షెడ్డు ముందర. బండొచ్చి తల మీద పడింది."

"ఏ బండ?"

"అదో, బట్టలుతికే బండ. గాలి లేపింది, లేపి కొట్టింది. తలకాయ పగిలిపోయింది మేడం. మొగం మొగం మాదిరి లేదు."

"అవ్వా, మీరు అట్ల నీడకు పోయి కూర్చోండి."

"వింటా పాపా. నా బిడ్డ ఎట్ల పోయినాడో నేను వినాల."

"షెడ్డు రేకులు కదల్లేదు కదన్నా."

"గట్టిగా బిగించిండాం."

"ఈ బొప్పాయి చెట్టుకు ఒక ఆకు గూడా చినగలేదు."

"గాలి ఇట్లొచ్చి అట్ల తిరుక్కునింది."

"తిరుక్కుంటాది. ఒకే గాలి ఆడ రెండు ఉంటాది, ఈడ సున్నా ఉంటాది. ఇంత బండను లేపాలంటే నాలుగన్నా కావాల. నాలుగు వచ్చింటే ఈ షెడ్డు ఉండదు, చెట్టుండదు. పక్కనుండే నువ్వూ ఉండవు."

"నేను పక్కన లేను. నేను... ఇంటికాడ ఉండా."

"కండ్లారా చూసినా అంటివే."

"చూసినా. దూరం నించి. దూరం నించి చూసినా."

"ఇద్దరూ కలిసే వస్తిరి కదరా ఆదీ. బోరు నీళ్లు ఎవరికని పొద్దున్నించీ ఒకటే అరుపులు, తోటకాడ తేల్చుకుందాం దా అని నువ్వే..."

"నువ్వు ఊరుకోమా."

"గాలి నిలిచినాక నువ్వొక్కనివే ఇంటికి వస్తివి. అంగీ అంతా రక్తం."

"ఎత్తాలని చూస్తి కదమా. వాన్ని ఎత్తాలని చూస్తి. అందుకే రక్తం."

"ఇంటికాడ ఉండా అంటివే ఇప్పుడు."

"ఊరుకోమా అంటే. మేడం, పోలీసోళ్లు మిమ్మల్ని అడుగుతారంట. ఏం చెప్తారు?"

"చూసిందే చెప్తానన్నా. ఈడ సున్నా."

"సున్నా అంటే... సున్నా అంటే ఎట్ల మేడం. ఊరంతా చూసినారు గాలిని. ఊరంతా చూసినారు."

"పాపా."

"చెప్పండవ్వా."

"సున్నా గాలికి ఆ బండ లేయదు. అంతేనా?"

"లేయదవ్వా."

"మనిషి లేపితేనే లేస్తాది."

"అవ్వా, నేను గాలి గురించి మటుకే చెప్పినా."

"అర్థమయింది పాపా. నువ్వు నాలుగని రాసుకో. నాకు ఇంగ మిగిలింది వీడొక్కడే."