తిన్నావా నాయనా

ఆదోనిలో కంప్యూటర్ల అంగడి. ఆలూరు నుంచి బస్సులో వచ్చిన ఆమె ముందర అంగడాయన రెండు యాంటీవైరస్ డబ్బాలు పెట్టాడు.

"ఈ చిన్నది వైరస్‌ను పట్టుకుంటాదమ్మా, అంతే. ఈ పెద్దది దొంగ సైట్లను కూడా రానీదు."

"ఫోన్ చేసినోడిని ఏది ఆపుతాదప్పా?"

"ఎవురు చేసినారు?"

"ఎవురో. మీ కంప్యూటర్‌కు వైరస్ పట్టింది, బాగుచేస్తా అన్నాడు. వాడు నొక్కమన్నవన్నీ నొక్కినా. మా కూతురు పల్లవి కాలేజీకి రాసుకునిందంతా పోయింది. బిడ్డ ఒకటే ఏడుపు. వాడు నిన్న మళ్లా చేసినాడు."

"తెలీనోడు చెప్తే ఎట్ల నొక్కినావమ్మా?"

"అమ్మా అని పిలిచినాడప్పా. తిన్నావా నాయనా అంటే, నీ పని అయినాకే తింటా అన్నాడు. ఆకలితో ఉండే బిడ్డను ఎంతసేపు నిలబెట్టేది? గబగబా నొక్కేసినా."

అంగడాయనకు నవ్వు రాలేదు.

"తలుపు నువ్వే తీస్తే ఈ రెండూ ఏం చేయలేవమ్మా. అట్లాంటి ఫోన్ వస్తే పెట్టేయల్ల."

"అమ్మా అన్నోడి మొగం మీద ఎట్ల పెట్టేసేది?"

అంతలో ఆమె ఫోన్ మోగింది. ఎత్తింది. అదే గొంతు.

"మళ్లా వైరస్సా? తిన్నావా నాయనా? ... ఇంకా లేదా? అయితే ముందు పోయి తిను. తిన్నాక ఇంకేదన్నా మంచి పని చూసుకో."

పెట్టేసింది.

"చిన్నదే ఇయ్యప్పా," అంది. "పెద్దదాని పని నేను చూసుకుంటా."