మొక్కుబడి పేరు

అనంతపురంలో కార్లు బాడుగకిచ్చే షెడ్డు. కారు కోసం వచ్చిన కుర్రాడిచ్చిన లైసెన్సును అక్కడ పనిచేసే పెద్దాయన తిప్పి తిప్పి చూశాడు.

“ఏమప్పా, కారు బుక్ చేసింది కల్యాణ్. లైసెన్సులో ఉండేది ఫకీరప్ప. ఎవురీ ఫకీరప్ప?”

“రెండూ నేనే అన్నా. నాకు ముందు పుట్టినోళ్లు బతకలేదని మాయమ్మ పీర్లకు మొక్కుకొని ఫకీరప్పని పెట్టింది. టౌన్లో నవ్వుతారని కల్యాణ్ అని చెప్పుకుంటాండా.”

“పీర్ల పేరు నాకు తెలీదా సామీ? పేర్లు కలవకుంటే మా ఓనరు బండి ఇయ్యడు.”

“ఆస్పత్రోళ్లు మాయమ్మను ఇంటికి తీస్కపొమ్మన్నారన్నా. ఊపిరి ఉండంగానే మా ఊరు తనకల్లుకు చేర్చల్ల.”

పెద్దాయన లైసెన్సు బల్ల మీద పెట్టాడు.

“రెండు పేర్లూ నీవేనని మీ ఇంట్లోవాళ్లతో ఫోన్లో చెప్పించు. ఓనర్ని నేను బతిమాలతా.”

“ఇంట్లో ఉండేది నేనూ మాయమ్మే అన్నా. నిన్నట్నుంచి ఆయమ్మకు నోట మాట లేదు.”