ఆమె అంగీకరించలేదు

హెడ్మాస్టరు గది తలుపు ఓరగా వేసి ఉంది. సైన్సు టీచరు గొంతు వరండా దాకా వినిపిస్తోంది.

“విదేశంలో మూడు నెలల శిక్షణకి వెళ్తానో లేదో నన్నడగమని ఉత్తరమొస్తే, ‘ఆమె అంగీకరించలేదు’ అని మీరెలా రాశారు సార్?”

“చంటిపిల్ల తల్లివి కదమ్మా. ఎలా వెళ్తావులే అనుకున్నాను.”

“పోయినేడు లెక్కల మాస్టారు వెళ్లారు. అప్పటికి వాళ్ల పాపకి ఐదో నెల.”

“ఆయనకి ఇంట్లో భార్య ఉంది.”

“నాకూ ఇంట్లో మొగుడున్నాడు. పాలడబ్బా మూత తియ్యడం ఆయనకీ వచ్చు.”

“నీ మంచికేనమ్మా...”

“నా మంచి నన్నడగండి సార్!”

“సరే, ఇప్పుడేం చెయ్యమంటావు?”

“గడువు రేపటిదాకా ఉంది. ఇంకో ఉత్తరం రాయండి. ‘ఆమె అంగీకరించలేదు’ అన్నచోట ‘ఆమెను నేను అడగలేదు’ అని రాయండి. సంతకం ఎలాగూ మీదే.”