నవ్వు వినబడాలి

మైకుసెట్ల కొట్టు షట్టరు సగానికి దించి ఉంది. లోపల, గోడలకు బొంతలు కొట్టిన రికార్డింగు గదిలో తమ్ముడు. గుమ్మం దగ్గర స్టూలు మీద, పక్క వీధిలో ఇస్త్రీ కొట్టు నడుపుకునే అక్క.

"నొక్కేశావా? ఆరు అంకెలూ నొక్కేశావా?"

"నొక్కేశాను."

"బుద్ధుందా అక్కా నీకు? ఇన్నాళ్ళ నుంచి ఆటోకి మైకు కట్టుకుని ఊరంతా తిరుగుతూ చెప్పింది ఎవరు? నేను. నీ కొట్టు ముందు ఆటో ఆపి మరీ చెప్పాను. సొంత తమ్ముడు చెబితే చెవికెక్కదు. ఎవడో ఫోన్ చేసి అడిగితే మాత్రం..."

"చెవికెక్కకేం. ఏమని చెప్పావో ఇంకోసారి వినిపించు."

"ఇప్పుడా?"

"ఇప్పుడే. పెట్టు."

"వింటే పోయినవి వస్తాయా?"

"రావు. పెట్టు."

"నీతో పడలేం. సరే, విను."

"'చిన్న వ్యాపారులకు విజ్ఞప్తి. మహమ్మారి వల్ల మూతపడిన దుకాణాలకు ప్రభుత్వం సహాయం అందిస్తోంది. ఆ సహాయం పేరుతో ఎవరు ఫోన్ చేసినా నమ్మకండి. మీ ఫోనుకు వచ్చే అంకెలు ఎవరికీ చెప్పకండి. మళ్ళీ చెబుతున్నాను, ఎవరికీ చెప్పకండి.'"

"చాలు, ఆపు."

"విన్నావా? ఎవరికీ అంటే ఎవరికీ. నాక్కూడా చెప్పకూడదు. ఇంతకన్నా విడమరిచి ఎలా చెప్పను?"

"ఇందులో నీకు జలుబు లేదు."

"ఏంటి?"

"ఏం లేదు. గొంతు శుభ్రంగా ఉందంటున్నాను."

"నా గొంతు సంగతి ఎందుకిప్పుడు? ఎంత పోయిందో చెప్పు."

"ఉన్నదంతా. మొదటి విడత సహాయం పడింది కదా, అదీ, కొట్టు అద్దెకని దాచుకున్నదీ. ఊడ్చిపెట్టుకుపోయారు."

"కొట్టు ఓనరుతో చెప్పావా?"

"చెప్పాను. నెలాఖరుకి అద్దె ఇవ్వకపోతే ఇస్త్రీ బల్ల రోడ్డు మీద పెట్టుకోమన్నాడు."

"ఛీ. మనిషేనా వాడు?"

"నీకూ అలా అనిపించిందా?"

"అనిపించదా మరి. అది సరే, అసలు ఎలా జరిగిందో చెప్పు."

"ఎలా జరుగుతుంది. చేతిలో ఇస్త్రీపెట్టె ఉంది. ఆసుపత్రి తెల్లకోట్లు ఇస్త్రీ చేస్తున్నాను. ఈ రోగం వచ్చాక ఇంకెవరి బట్టలు వస్తున్నాయి. అందరూ ఇంట్లో లుంగీల మీదేనాయె. ఫోన్ మోగింది. మోచేత్తో స్పీకరు పెట్టాను."

"తర్వాత?"

"తర్వాత ఎడమచేత్తో అంకెలు నొక్కాను. కుడిచేయి ఎత్తడం మర్చిపోయాను. కోటు వీపు మీద నిండా పెట్టె అచ్చు పడిపోయింది. ఈ సంచిలోనే ఉంది, చూస్తావా?"

"తీయకు. తీయకక్కా. గదంతా కమురు కంపు."

"కంపుగా ఉందా? పొద్దుటి నుంచీ నా ముక్కులో అదే ఉంది."

"పాపం, ఏ నర్సుదో. ఏమనుకుందో ఏమో."

"ఏమీ అనలేదు. రాత్రంతా డ్యూటీ చేసొచ్చింది, అనడానికి ఓపిక లేదు."

"ఫోన్ చేసినవాడు ఏ ఆఫీసు అన్నాడు? నంబరుందా? నేను మాట్లాడతాను వాడితో."

"వాడు మనిషి కాదు. రికార్డు."

"రికార్డా?"

"రికార్డే. ఏం, నీళ్ళు నములుతున్నావు?"

"లేదు, లేదు. ఆడగొంతా?"

"మగ."

"ఈ రోజుల్లో అన్నీ కంప్యూటరు గొంతులే అక్కా. అచ్చం మనిషిలా ఉంటాయి. మనం పోల్చుకోలేం."

"కంప్యూటరుకి జలుబు చేస్తుందా?"

"ఏంటో నీ మాటలు."

"ముక్కు బిగుసుకుపోయిన గొంతు. రెండు మాటలకోసారి ఎగబీల్చడం. కంప్యూటరు ముక్కు ఎగబీలుస్తుందా తమ్ముడూ?"

"చేస్తారు. నమ్మించడానికి అన్నీ చేస్తారు."

"ఆ దుప్పటి కింద ఏంటి?"

"ఏ దుప్పటి?"

"నువ్వు కాలితో వెనక్కి తోస్తున్నది."

"అదా. ఆంప్లిఫయరు."

"కొత్తదా?"

"కొత్తదంటే... కొత్తదే."

"ప్రభుత్వ ఆఫీసువాళ్ళు ఆటో ప్రచారం బిల్లు ఇచ్చేశారన్నమాట."

"ఎక్కడిచ్చారు? డీజిలు కూడా నా చేతి డబ్బుతోనే పోశాను. వెళ్ళి అడిగితే ఫైలు పైన ఉందంటారు. ఎంత పైనో, చూస్తే మెడ పట్టేస్తోంది."

"మరి ఇదెలా కొన్నావు? పెళ్ళిళ్ళు లేవు, సభలు లేవు. చావులకి కూడా నలుగురికి మించి రావడం లేదు. మైకు ఎవరికి కావాలి?"

"వేరే పని వచ్చింది."

"ఏం పని?"

"రికార్డింగు."

"ఎవరిది?"

"ఏదో కంపెనీ. ప్రకటన."

"ఏం అమ్ముతారు వాళ్ళు?"

"గుర్తులేదక్కా."

"చదివింది నువ్వే కదా."

"రోజుకి ఎన్ని చదువుతాను, అన్నీ గుర్తుంటాయా?"

"చిన్నప్పుడు పక్కింటివాళ్ళ పెళ్ళిపత్రిక ఒక్కసారి చదివి, పెళ్ళికూతురి మేనత్తల పేర్లతో సహా నెల్లాళ్ళు అప్పజెప్పావు. అమ్మ చెవుల్లో దూది పెట్టుకుని తిరిగింది. ఇప్పుడు గుర్తుండవా? పోనీ, నేను చెప్పనా ఏం చదివావో?"

"అక్కా."

"'శుభవార్త. మీ దుకాణానికి రెండో విడత సహాయం మంజూరైంది. ఇప్పుడు మీ ఫోనుకు ఆరు అంకెలు వస్తాయి. వాటిని నొక్కండి. మళ్ళీ చెబుతున్నాను, ఆరు అంకెలూ నొక్కండి.'"

"అక్కా, నేను..."

"మళ్ళీ చెబుతున్నాను. లోకంలో ఇంకెవరైనా ఇలా అంటారా? అన్నం పెట్టమని అడిగినా రెండుసార్లు అడిగేవాడివి. వాళ్ళు రాసిచ్చిన దాంట్లో ఉందా ఆ ముక్క?"

"లేదు."

"నువ్వే కలిపావు."

"అలవాటు. నోటికొచ్చేసింది. ఉండు, ఈ మాస్కు తీసి చెబుతాను..."

"తీయకు. ఉండనీ. నీ ముఖం చూడాలని లేదు నాకు."

"చదివానంతే అక్కా. గొంతు అద్దెకిచ్చాను. మైకు అద్దెకిచ్చినట్టే ఇదీ. ఆ మధ్య పెళ్ళిలో ఎవడో తాగొచ్చి మన మైకులో బూతులు పాడాడు. తప్పు మనదా?"

"ఆ రోజు వైరు పీకేశావు. పెళ్ళికొడుకు బావమరిది అని కూడా చూడకుండా చరచరా వెళ్ళి పీకేశావు. కొట్టడానికి వస్తే నేనే అడ్డం పడ్డాను. ఇప్పుడు చేయి రాలేదేం?"

"అప్పుడు కడుపు నిండి ఉంది."

"కడుపు సంగతి నాకు చెప్పకు."

"నీకు కాక ఎవరికి చెప్పను? సహాయానికని నేనూ వెళ్ళాను ఆఫీసుకి. మైకుసెట్లు దుకాణం కిందికి రావన్నారు. వినోదం కిందికి వస్తాయట. వినోదానికి సహాయం లేదట. నేను వినోదమట అక్కా. గుమ్మం బయట ఎండలో నిలబెట్టి చెప్పారు ఆ మాట. ఈ రికార్డింగువాళ్ళు కారులో వచ్చారు. గారూ అని పిలిచారు. చదవగానే డబ్బు చేతిలో పెట్టి వెళ్ళారు."

"గారూ అనగానే నోరు తీసి వాళ్ళ చేతికిచ్చావు."

"వద్దన్నాను. నిజంగా. జలుబుగా ఉంది, ఇవాళ కాదన్నాను. ఫర్వాలేదు, జలుబుంటే ఇంకా మంచిది, మన పక్కింటి మనిషిలా ఉంటుందన్నాడు వాళ్ళలో ఒకడు."

"ఇంకా ఏమన్నాడు?"

"వద్దులే."

"చెప్పు."

"నవ్వు వినబడాలన్నాడు. శుభవార్త చెప్పేవాడు మూలుగుతూ చెబుతాడా అన్నాడు. రెండుసార్లు చదివాను. చాలలేదన్నాడు."

"మూడోసారి?"

"నవ్వాను."

"ఈ గదిలోనే?"

"ఇంకెక్కడ."

"ఈ బొంతలు అమ్మ కుట్టినవి. శబ్దం బయటికి పోకూడదని గోడలకి కొట్టుకుంటానంటే పాత చీరలన్నీ ఏరి కుట్టి ఇచ్చింది. ఇదిగో, ఇది నా వోణీ ముక్క. దీని ఎదురుగా కూర్చునే నవ్వావన్నమాట."

"అలా చూడకక్కా. నాకు తెలియదు."

"ఏం తెలియదు?"

"నీకు వస్తుందని తెలియదు."

"ఏమన్నావు?"

"దూరపు ఊళ్ళకే వాడతామన్నారు. మన వైపు రాదని గట్టిగా చెప్పారు."

"అడిగావన్నమాట."

"ఏంటి?"

"మన వైపు వస్తుందా అని అడిగావు. అడగందే చెప్పరు కదా. ఏం చదువుతున్నావో తెలిసే అడిగావు."

"అది కాదు..."

"దూరపు ఊళ్ళలో ఇస్త్రీ కొట్లు ఉండవా? అక్కడ ఎవరికీ అద్దెలు ఉండవా? అక్కడివాళ్ళు ఎవరికీ అక్కలు కారా?"

"ఆపక్కా."

"ఈ కోటు కంపే నయంరా. నువ్వు దగ్గరికి జరగకు. అక్కడే ఉండు."

"ఉన్నాను. ఇక్కడే ఉన్నాను. నీళ్ళు తాగు."

"నీ నీళ్ళు వద్దు. ఒకటి చెబుతాను, విను. పొద్దున ఫోన్లో నీ గొంతు వినగానే నాకు సహాయం గుర్తు రాలేదు, డబ్బు గుర్తు రాలేదు. వీడు నవ్వుతున్నాడు అనుకున్నాను. ఈ రోగం మొదలయ్యాక నీ గొంతులో నవ్వు వినలేదు నేను. ఆఫీసువాళ్ళు వీడికి మంచి పని ఇచ్చారు, బిల్లు కూడా వచ్చుంటుంది అనుకున్నాను. ఆ సంతోషంలో కోటు మీది చేయి కూడా మర్చిపోయాను."

"తిరిగిచ్చేస్తాను. ఆ మిషను రేపే అమ్మేస్తాను. నీ అద్దె నేను కడతాను. కోటు కూడా కొత్తది కొనిపెడతాను. సరేనా?"

"సరే."

"కోపం తగ్గిందా?"

"ఇంకేం చేస్తావు?"

"ఇంకేం చేయమంటే అది చేస్తాను. కానీ ఒక్కటి, కాళ్ళు పట్టుకుంటాను. ఇది మనిద్దరి మధ్యే ఉండిపోనీ. ఆ గొంతు నాదని ఎవరికీ చెప్పకు. మళ్ళీ చెబుతున్నాను, ఎవ..."

"ఆ మాట అనకు నా ముందు."

"అనను. చచ్చినా అనను. ఈ ఊళ్ళో నాకేముంది చెప్పు, గొంతు తప్ప. ఫలానా వాడి గొంతు అంటే నమ్ముతారు. అది పోతే ఈ బొంతలు దులుపుకుని పోవడమే. అయినా దేవుడు చల్లగా చూశాడు, నీ ఒక్కదానికే వచ్చింది."

"ఒక్కదానికే అని ఎవరు చెప్పారు?"

"నువ్వు ఇంకెవరి మాటా ఎత్తలేదు."

"నువ్వు అడిగావా? నేను వచ్చిన దగ్గర్నుంచి నీ నోట ఒకటే మాట, నా గొంతు, నా మిషను, నా కడుపు. ఇంకెవరికైనా వచ్చిందా అక్కా అని ఒక్కసారైనా అడిగావా?"

"ఇప్పుడడుగుతున్నాను. ఎవరికి వచ్చింది?"

"చెప్పులు కుట్టే తాతకి. గొడుగుల బాబాయికి. టైలరు పిన్నికి. వరసగా వీధంతా మోగింది. కానీ వాళ్ళు నాలాంటి తిక్కమనుషులు కాదు. ఆటోలో నువ్వు చెప్పింది వాళ్ళకి బాగా చెవికెక్కింది. నొక్కలేదు."

"అమ్మయ్య."

"ఫోన్లు అలాగే చేత్తో పట్టుకుని, నా కొట్టు ముందుకి వచ్చి నిలబడ్డారు."

"ఎందుకు?"

"నేను నొక్కానని తెలిసి. నాకు అవతలి నుంచి ధన్యవాదాలు కూడా చెప్పారు కదా, సాయంత్రానికి డబ్బు పడుతుందని. తాత నన్ను అడిగాడు. ఆటోలో వద్దంటున్నారు, ఫోన్లో నొక్కమంటున్నారు, ఏది నమ్మాలమ్మాయ్, నువ్వు చెప్పు అని."

"నువ్వేం చెప్పావు?"

"తాత ఫోన్ మళ్ళీ మోగింది. స్పీకరు పెట్టి అందరం విన్నాం."

"అక్కా, షట్టరు బయట ఎవరది? కాళ్ళు కనిపిస్తున్నాయి."

"వాళ్ళే. నేను లోపలికి వచ్చిన దగ్గర్నుంచి అక్కడే ఉన్నారు."

"వాళ్ళకి తెలియదు కదా? జలుబు గొంతు, పోల్చుకుని ఉండరు. ఆ గొంతు నాదని నువ్వు చెప్పలేదు కదా? అక్కా, నాకేసి చూడు. చెప్పలేదు కదా?"

"చెప్పాను. పొద్దున్నే చెప్పాను. రెండూ మా తమ్ముడి గొంతులే, వాడు మనకి చెడు చేస్తాడా, నొక్కండి అని ఒక్కొక్కరికీ నేనే చెప్పాను."